కాకినాడ నుంచి ఒకరోజు గాలం వేట: ఏమేం సర్దుకోవాలి?

కొత్తగాలం_అమలాపురం:
జనవరి చివర్లో వేటకి వెళ్దామని నలుగురం కాకినాడలో ఫైబర్ బోటు మాట్లాడుకున్నామండి. తెల్లారి 5కి బయల్దేరి మధ్యాహ్నం 3కల్లా ఒడ్డుకి. కాసేపు మొగ (ఏరు సముద్రంలో కలిసే చోటు) దగ్గర పండుగప్పకి, తర్వాత బయట సముద్రంలో కోనానికి (వంజరం). చేతిగాలాలు, లైఫ్ జాకెట్లు బోటాయనే ఇస్తాడట. మా దగ్గర రెండు 7 అడుగుల రాడ్లు, 30 పౌండ్ల బరువు ఆగే బ్రెయిడ్ (అల్లిన) దారం ఉన్నాయి. ఇంకేం తేవాలి? అందరికీ ఒకే పెద్ద ఐసు పెట్టె చాలా?

సరంగు_ఉప్పాడ:
చాలదండి. తాగే నీళ్లూ చేపలూ ఒకే పెట్టెలో పెడితే దాహమేసినప్పుడల్లా మూత తీస్తారు, పదింటికల్లా ఐసు సగం కరిగిపోద్ది. చేపలకి వేరే పెట్టె పెట్టండి. చేప 15 కిలోలు పడుద్దనుకుంటే ఐసూ 15, ఎండకి ఇంకో ఐదు. గడ్డ వద్దు, దంచిన ఐసే తీసుకోండి. గడ్డయితే చేపకి అక్కడక్కడే తగులుద్ది. పడగానే మొప్పల దగ్గర కోసి, బకెట్ ఉప్పునీళ్లలో నెత్తురు పోనిచ్చి, ఐసు మీద చేప, చేప మీద ఐసు. పెట్టె అడుగున చిల్లు తెరిచి కరిగిన నీళ్లు వదిలేస్తూ ఉండాలి, అందులో నానితే కండ మెత్తబడిపోద్ది. కోనాం గంటల తరబడి ఎండలో ఉంటే హిస్టమిన్ పుడుద్ది. వండినా అది పోదు, తిన్నోళ్లకి దద్దుర్లు, తలనొప్పి.

నీళ్లు తలకి 4 లీటర్లు. ఎక్కువనిపిస్తుంది గానీ, పాటుకి సముద్రం నీళ్లు బాగా వెనక్కి లాగితే మొగలో ఇసుక మేట మీద బోటు ఆగిపోద్ది, మళ్లీ పోటు వచ్చేదాకా కూర్చోవాలి. అందుకే 3 అన్నది ఒడ్డు చేరే టైము అనుకోకండి. తలకి కట్టుకునే లైటు ఒకటి, ఓఆర్ఎస్ నాలుగు పాకెట్లు. అమావాస్యకో పౌర్ణమికో దగ్గరైతే పోటుపాట్ల టైము ముందే అడిగి పెట్టుకోండి.

తంగూసు_రాజోలు:
బ్రెయిడ్‌ని నేరుగా కొక్కేనికి కట్టకండి. పండుగప్ప మొప్ప మూత అంచు బ్లేడులా ఉంటుంది, ఒక్క ఊపుకి తెగుద్ది. 50 పౌండ్ల తంగూసు (నైలాన్ దారం) ఓ మూర, బ్రెయిడ్‌కీ కొక్కేనికీ మధ్య లీడర్‌గా వేయండి. కోనాం పళ్లకి తంగూసు కూడా ఆగదు, జానెడు స్టీలు తీగ ఉండాల్సిందే. మొగ దగ్గర మాత్రం తీగ తీసేయండి, పండుగప్ప చూసి ఎర ముట్టదు. తీగ కోసేంత గట్టి కటింగ్ ప్లయర్ తప్పకుండా తెచ్చుకోండి. కొక్కెం వేలికి దిగితే ముల్లు కత్తిరించి తీయడానికి అదే దిక్కు.

కొత్తగాలం_అమలాపురం:
మాలో ఒకాయనకి బస్సెక్కితేనే వాంతులండి. మాత్ర ఎప్పుడు వేయాలి? టిఫిన్ మానేస్తే మంచిదా?

మందులషాపు_యానాం:
మానేయొద్దండి, ఖాళీ కడుపుతో వికారం ఎక్కువ. రెండు ఇడ్లీలు చాలు, పూరీ వద్దు. ప్రోమెథజీన్ మాత్ర ముందురాత్రే వేసుకోవాలి. వికారం మొదలయ్యాక వేస్తే వాంతిలోనే పోతుంది. మత్తుగా ఉంటుంది కాబట్టి తిరిగొచ్చేటప్పుడు బండి ఆయన నడపకూడదు. వేరే మందులు వాడుతుంటే డాక్టర్ని అడగాలి. బోటు మధ్యలో, ఇంజను పొగకి దూరంగా కూర్చోబెట్టండి. మధ్యాహ్నానికి పులిహోర.

ఇంకోటి, ఎవరూ చెప్పనిది: ఫ్లాస్కు నిండా వేడినీళ్లు. జెల్ల ముల్లో టేకు చేప ముల్లో దిగితే, ఓర్చుకోగలిగినంత వేడిలో, 45 డిగ్రీలు దాటకుండా, అరగంట నుంచి గంటన్నర ఉంచితే నొప్పి దిగుతుంది. వేడి చూసేది దెబ్బ తగలని చేత్తో. ముల్లు దిగిన చేతికి కాలేది తెలీదు. ఛాతీకో పొట్టకో దిగితే పీకకుండా నేరుగా ఆసుపత్రికే.

సరంగు_ఉప్పాడ:
ఆధార్ అందరూ పెట్టుకోండి, కవర్లో. కోస్ట్‌గార్డ్ నంబరు 1554, కానీ ఫోను సిగ్నల్ దూరం పోతే ఉండదు; బోటులో వీహెచ్ఎఫ్ రేడియో ఉందో లేదో, అందులో 16వ ఛానెల్ (ఆపదలో పిలిచేది) పలుకుతుందో లేదో ఎక్కేముందే చూడండి. కోరింగ అభయారణ్యం వైపు అటవీశాఖని అడక్కుండా గాలం వేయొద్దు. గ్యాసు రిగ్గులకి 500 మీటర్లలోపు పోకూడదు, చేపలు అక్కడే ఎక్కువుంటాయని ఎవరన్నా ఊరించినా సరే. జనవరిలో తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం, కొక్కేనికి పడితే దారం ముక్కుకి దగ్గరగా కోసి వదిలేయాలి. వాయిదా వేద్దామనుకుంటే మాత్రం ఏప్రిల్ 15 లోపే చూసుకోండి, జూన్ 14 దాకా వేట నిషేధం.