అమెరికా డీవీడీలు మన కంప్యూటర్లో చూడాలంటే రీజియన్ మార్చాల్సిందేనా? ఇంకొక్క ఛాన్సే మిగిలింది

పద్మ_గుంటూరు:
మా అక్కవాళ్లు న్యూజెర్సీ నుంచి పూర్తిగా వచ్చేస్తూ ఒక అట్టపెట్టె నిండా డీవీడీలు తెచ్చారు. పిల్లల బొమ్మల సినిమాలు, జంతువుల డాక్యుమెంటరీలు, అన్నీ అక్కడ డబ్బు పెట్టి కొన్న ఒరిజినల్సే. టీవీ దగ్గరున్న ప్లేయర్లో పెడితే రీజియన్ (డిస్క్ ఏ ప్రాంతంలో అమ్మడానికి తయారైందో చెప్పే అంకె) తప్పు అని వచ్చి ఆగిపోతోంది. సరే అని కంప్యూటర్లో పెట్టాం (విండోస్ 10, డీవీడీ రైటర్ లోపలే ఉంది). అందులో ఉన్న ప్లేయర్ సాఫ్ట్‌వేర్ రీజియన్ మార్చమంటారా అని అడగడం, పిల్లలు ఓకే కొట్టేయడం, మళ్లీ ఇక్కడి డిస్క్ పెట్టినప్పుడు మళ్లీ ఓకే, ఇలా 1కీ (అమెరికా) 5కీ (ఇండియా) మధ్య తిరిగి ఇప్పుడు ఇంకొక్కసారే మార్చుకోవచ్చని చూపిస్తోంది. ప్రస్తుతం 5 మీద ఉంది. విండోస్ ఫార్మాట్ కొడితే లెక్క మళ్లీ మొదటికొస్తుందని షాపతను అంటున్నాడు, నిజమేనా? 1కి మార్చేస్తే మా నాన్నగారి పాత తెలుగు సినిమాల డిస్కులు ఇక రావా? నా టెన్షనంతా వాటి గురించే.

కాకినాడ_రాజు:
పద్మగారూ, ఫార్మాట్ కొట్టించకండి, ఉన్న ఫొటోలూ ఫైళ్లూ పోవడం తప్ప ఉపయోగం లేదు. ఆ లెక్క విండోస్‌లో ఉండదు, డ్రైవ్ లోపల ఫర్మ్‌వేర్‌లో, అంటే డ్రైవ్‌ని నడిపే దాని సొంత ప్రోగ్రామ్‌లో ఉంటుంది. డ్రైవ్ ఊడదీసి ఇంకో కంప్యూటర్‌కి తగిలించినా అదే లెక్క కనిపిస్తుంది. 2000 నుంచి వచ్చిన డ్రైవ్‌లన్నీ ఈ ఆర్‌పీసీ-2 పద్ధతే: 5 సార్లు మార్చుకోవచ్చు, ఐదోసారి ఏది పెడితే అదే ఉండిపోతుంది. డివైస్ మేనేజర్‌లో డ్రైవ్ ప్రాపర్టీస్‌లోకి వెళ్తే డీవీడీ రీజియన్ అని ఒక ట్యాబ్ ఉంటుంది, ఎన్ని మిగిలాయో అక్కడ చూడొచ్చు. చూసి క్యాన్సిల్ కొట్టి బయటికి వచ్చేయండి.

నాన్నగారి డిస్కుల విషయంలో నాకైతే భయం కనిపించట్లేదు. ముందు అవి డీవీడీలా, వీసీడీలా (డీవీడీకి ముందొచ్చిన వీడియో సీడీలు) అన్నది చూడండి. ఒక్కో సినిమా రెండు మూడు డిస్కుల్లో ఉంటే అవి వీసీడీలే, వాటికి రీజియన్ అనేదే లేదు. డీవీడీలే అయితే కవర్ వెనక చిన్న గ్లోబు బొమ్మలో అంకె ఉంటుంది, అక్కడ 0 అనో ఆల్ అనో ఉంటే ఏ రీజియన్‌లోనైనా వస్తాయి. మన సినిమాలు చాలావరకు అలాగే వేశారు, అమెరికాలో, గల్ఫ్‌లో ఉన్న మనవాళ్లు కూడా కొనాలి కదా. పెళ్లి వీడియో, ఇంట్లో రైట్ చేసుకున్న డిస్కులు వీటికీ రీజియన్ గొడవ ఉండదు.

సనత్‌నగర్_ఓపెన్‌సోర్స్:
అసలు రీజియన్ మార్చకుండానే ముందు వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్ ప్రయత్నించండి మేడమ్, ఫ్రీనే, కాకపోతే దాన్ని తయారుచేసే వీడియోల్యాన్ వాళ్ల సైట్ నుంచే దించుకోండి. అది మీ రీజియన్ ఏమిటని అడగదు. డిస్క్‌లో సినిమాకి సీఎస్ఎస్ అని ఒక తాళం వేసి ఉంటుంది, మామూలు ప్లేయర్లు తాళంచెవి కోసం డ్రైవ్‌ని అడుగుతాయి, రీజియన్ కలవకపోతే డ్రైవ్ ఇవ్వనంటుంది. వీఎల్‌సీలో ఉండే లిబ్‌డీవీడీసీఎస్ఎస్ ఆ చెవిని లెక్కకట్టి తనే పట్టుకుంటుంది. అది 40 బిట్ల కీ మాత్రమే, 1999లోనే ఆ గుట్టు బయటపడింది. చెవిని లెక్కకట్టాలి కాబట్టి డిస్క్ పెట్టగానే కాసేపు ఏమీ రానట్టు ఉంటుంది, హ్యాంగ్ అయిందనుకుని మూసేయకండి. మెనూ దగ్గర ఇరుక్కుంటే, ఓపెన్ డిస్క్‌లో 'నో డిస్క్ మెనూస్' టిక్ పెట్టి నేరుగా సినిమాలోకి వెళ్లండి.

ఒక్క ఇబ్బంది ఉంది. కొన్ని డ్రైవ్‌లు, ముఖ్యంగా లాప్‌టాప్‌లలో వచ్చే మట్షిటా రకం, రీజియన్ కలవకపోతే తాళం వేసిన భాగాన్ని అసలు చదవనే చదవవు. అప్పుడు వీఎల్‌సీ కూడా ఏమీ చేయలేదు.

మెల్‌బోర్న్_తెలుగోడు:
ఇక్కడ మాది 4, ఇండియా నుంచి తెచ్చుకున్నవి 5, అమెరికా చుట్టాలు పంపినవి 1, కాబట్టి ఈ బాధ మాకు బాగా తెలుసు. రెండో డ్రైవ్ కొనుక్కోండి. యూఎస్‌బీకి తగిలించే బయటి డీవీడీ రైటర్ ఒకటి తీసుకుని, దాన్ని 1కి సెట్ చేసి, మీద స్టిక్కర్ అంటించి, అమెరికా డిస్కులకే ఉంచేయండి. లోపలిది 5 మీదే ఉండనివ్వండి. సినిమా కంపెనీలు ఒక్కో దేశంలో ఒక్కో తేదీకి, ఒక్కో ధరకి అమ్ముకోవడానికి పెట్టుకున్న గోడ ఇది, డబ్బిచ్చి కొన్న మనిషి ఊరు మారినంత మాత్రాన తన డిస్క్ తను చూసుకోలేకపోవడం అన్యాయం. ఎన్‌టీఎస్‌సీ (అమెరికా), పాల్ (ఇండియా) అనే టీవీ పద్ధతుల తేడా గురించి కంప్యూటర్లో పట్టించుకోనక్కర్లేదు, రెండూ వస్తాయి.

పద్మ_గుంటూరు:
అందరికీ చాలా థ్యాంక్స్. నాన్నగారివి దాదాపు అన్నీ వీసీడీలే, మిగతావాటి వెనక ఆల్ అని ఉంది, ప్రాణం కుదుటపడింది. వీఎల్‌సీలో అక్కవాళ్ల డిస్కులు చాలావరకు వచ్చాయి, రాజుగారు చెప్పిన ట్యాబ్‌లో ఇంకా 1 అలాగే ఉంది. కొన్ని మాత్రం సగంలో ఆగుతున్నాయి. గీతలు పడినవి ఎలాగూ పాడైపోతాయి కదా, హార్డ్ డిస్క్‌లో దాచుకోవచ్చా? చట్టప్రకారం తప్పా?

సనత్‌నగర్_ఓపెన్‌సోర్స్:
ఆగేవాటిని మెత్తటి పొడి గుడ్డతో మధ్య నుంచి అంచుకి తిన్నగా తుడవండి, గుండ్రంగా వద్దు. దాచుకోవడానికి, డిస్క్‌లోని సినిమాని ఫైల్‌గా తీసే మేక్‌ఎంకేవీ అనే ప్రోగ్రామ్ బాగుంటుంది, రీజియన్ కలవకపోయినా చాలా డ్రైవ్‌లలో పని లాగిస్తుంది. వీడియో ఫైళ్లను మార్చే హ్యాండ్‌బ్రేక్ ఒక్కటే పెట్టుకుంటే తాళం తియ్యదు. చట్టం సంగతికి వస్తే, మన కాపీరైట్ చట్టంలో 2012లో వచ్చిన 65ఏ సెక్షన్ హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో తాళం పగలగొట్టడం నేరమంటుంది. కొన్నది ఇంట్లో చూసుకోవడం అందులోకి రాదని నా అభిప్రాయం, నేను లాయర్ని కాదు. కాపీలు ఎవరికీ ఇవ్వకండి, ఆన్‌లైన్‌లో పెట్టకండి. అమెరికాలో 1998 నాటి చట్టం ఇంతకంటే గట్టిది, అక్కడ ఉండి చదివేవాళ్లు అది చూసుకోండి.

కాకినాడ_రాజు:
ఇంకోటి. ఫర్మ్‌వేర్ మార్చి లెక్క రీసెట్ చేస్తామని ఎవరైనా ఫైల్ ఇస్తే తీసుకోకండి, మోడల్ నంబరు ఒక్క అక్షరం తేడా వచ్చినా డ్రైవ్ మూలన పడుతుంది.