చెరువు నుంచి ప్రాసెసింగ్ ప్లాంటు దాకా రొయ్యల లాట్ వివరాలు చెదరకుండా ఉండాలంటే ఏం చేయాలి?

మొగల్తూరు ప్రాంతంలో వనామీ రకం రొయ్యల సాగు చేస్తున్న చిన్న రైతుల తరఫున ఈ సలహా కోరుతున్నాను. హేచరీ (రొయ్య పిల్లలను ఉత్పత్తి చేసే కేంద్రం) బిల్లులు, మేత సంచుల బ్యాచ్ నంబర్లు, వాడిన మందుల వివరాలు చెరువు వారీగా రాసి ఉంచుతున్నాము. పట్టుబడికి ముందు ఎంపెడా (సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ) ల్యాబులో యాంటీబయాటిక్ అవశేషాల పరీక్ష కూడా చేయిస్తున్నాము. అయితే ఏజెంటు మూడు నాలుగు ఊళ్ల సరుకును ఒకే లారీకి ఎక్కించి, కౌంట్‌ను (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్కను) బట్టి ట్రేలను కలిపేయడంతో, ప్లాంటుకు చేరేసరికి ఏ ట్రే ఏ చెరువుదో ఎవరూ చెప్పలేని పరిస్థితి ఏర్పడుతోంది.

ఐరోపా సమాఖ్య మన సాగు రొయ్యల తనిఖీని 2016లో 10 శాతం నుంచి 50 శాతానికి పెంచింది. అమెరికా 2018 చివరి నుంచి దిగుమతి రొయ్యలకు పట్టుబడి వివరాల రికార్డులు అడుగుతోంది. ఇటువంటప్పుడు కలిపేసిన సరుకులో నిషేధిత యాంటీబయాటిక్ అయిన నైట్రోఫ్యూరాన్ ఆనవాలు బయటపడితే, నియమంగా పెంచిన రైతు కూడా నింద మోయవలసి రావడం అన్యాయమని నా దృఢమైన అభిప్రాయం.

ఐసు నీటిలో నానినా అక్షరాలు చెరగని ట్యాగులను ట్రేలకు ఎవరైనా వాడి చూశారా? గ్రేడింగ్ (సైజు వారీగా వేరు చేయడం) తరువాత కూడా చెరువు నంబరు కొనసాగేలా ప్లాంటు వారితో రాతపూర్వక ఒప్పందం చేసుకున్నవారు ఉంటే, అందులో ఏయే షరతులు పెట్టారో దయచేసి వివరించగలరు.