ప్రొటీన్ ఆకారం దొరికితే దాని కథ అయిపోయినట్టేనా?

అణువణువు:
ప్రొటీన్ల ఆకారాన్ని అంచనా వేసే కృత్రిమ మేధ ఆల్ఫాఫోల్డ్ గురించి మాట్లాడేటప్పుడు ఒక వాదన పదేపదే వినిపిస్తోంది: "ప్రొటీన్ల ఆకారం తీరిపోయిన లెక్క. 20 కోట్లకు పైగా ప్రొటీన్ల అంచనా నిర్మాణాలు ఉచితంగా దొరుకుతున్నాయి. ఇక జబ్బులకు మందులు తయారు చేసుకోవడమే మిగిలింది." 20 కోట్ల మాట నిజమే. నా పేచీ చివరి వాక్యంతోనే.

హీమోగ్లోబిన్‌నే చూడండి. దానికి ఒక ఆకారం కాదు, రెండు భంగిమలున్నాయి. అందులో హీమ్ అనే భాగంలో ఉండే ఇనుము ఆక్సిజన్‌ను పట్టుకోగానే మీటరులో వెయ్యి కోట్లవ వంతు కన్నా తక్కువ దూరం జరుగుతుంది. ఆ చిన్న కదలికే హీమోగ్లోబిన్‌లోని నాలుగు ఎమైనో ఆమ్లాల గొలుసుల వెంట పాకి, ఒక జంట గొలుసులు రెండో జంట మీద సుమారు 15 డిగ్రీలు తిరుగుతాయి. ఊపిరితిత్తుల్లో ఆక్సిజన్ అందుకోవడం, కండరాల దగ్గర వదిలేయడం రెండూ ఆ తిరగడం వల్లే సాధ్యమవుతున్నాయి.

సికిల్ సెల్ జబ్బులో బీటా అనే రకం గొలుసు 6వ స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం అనే ఎమైనో ఆమ్లం పోయి వేలీన్ అనేది వస్తుంది. ఆక్సిజన్ ఉన్నంతసేపూ ఆ హీమోగ్లోబిన్ దాదాపు మామూలుగానే ఉంటుంది. ఆక్సిజన్ వదిలాక, పక్క అణువు మీద నీరు గిట్టని చిన్న గుంట ఒకటి ఏర్పడుతుంది. వేలీన్ వెళ్లి అందులో ఇరుక్కుంటుంది. అణువు వెనక అణువు చేరి పోగులవుతాయి, కణం కొడవలిలా వంగిపోతుంది. ఆక్సిజన్ ఉన్న భంగిమను ఎంత స్పష్టంగా చూపినా అందులో ఈ జబ్బు కనబడదు.

పిప్పెట్:
శాస్త్రవేత్త మాక్స్ పెరుట్జ్ హీమోగ్లోబిన్ మీద 1937లో పని మొదలుపెట్టారు. దాని ఆకారం మొదటిసారి చూడటానికి ఇరవై ఏళ్లకు పైగా పట్టింది. ఎక్స్-కిరణాలతో ఆకారం చూడాలంటే ముందు ప్రొటీన్ స్ఫటికం కట్టాలి. అలా కట్టని ప్రొటీన్‌తో నేనూ మూడేళ్లు కుస్తీ పట్టాను. అందుకే 2020లో ఆల్ఫాఫోల్డ్ ఫలితాలు చూసినప్పుడు కళ్లు చెమర్చాయి.

ఇన్నేళ్లుగా అడిగిన ప్రశ్న ఒక్కటే కదండీ: ఎమైనో ఆమ్లాల వరుస ఇస్తే ఆకారం చెప్పగలమా? యూరియాలో విప్పేసిన రైబోన్యూక్లియేజ్ అనే ప్రొటీన్‌ను శాస్త్రవేత్త ఆన్‌ఫిన్‌సెన్ మళ్లీ దానంతటదే మడత పడేలా చేశారు. వరుసలోనే ఆకారం ఉందని చూపినందుకే 1972లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఆ ప్రశ్నకు ఇప్పుడు చాలామటుకు జవాబు దొరికింది. జవాబు రాగానే ప్రశ్నను మార్చేసి "ఇంకా తీరలేదు" అనడం న్యాయం కాదు.

అణువణువు:
ఆ మూడేళ్ల కష్టాన్ని తక్కువ చేయనండీ. కానీ ప్రశ్న మార్చింది నేను కాదు. "ఇక మందులే" అన్నవాళ్లే మార్చారు.

ఊపిరితిత్తులను దెబ్బతీసే జన్యు జబ్బు సిస్టిక్ ఫైబ్రోసిస్ తీసుకోండి. ఆ రోగుల్లో ఎక్కువమందికి సీఎఫ్‌టీఆర్ అనే 1480 ఎమైనో ఆమ్లాల ప్రొటీన్‌లో 508వ స్థానంలోని ఎమైనో ఆమ్లం ఫినైల్‌అలనీన్ ఒక్కటే ఉండదు. ఆ లోపమున్న భాగాన్ని స్ఫటికాల్లో చూసినప్పుడు ఆకారం దాదాపు మామూలుదానిలాగే కనిపించింది! తప్పు చివరి ఆకారంలో కన్నా అక్కడికి చేరే దారిలో ఉంది. మడత పడటం ఆలస్యమవుతుంది, కణంలోని తనిఖీ వ్యవస్థ దాన్ని పట్టుకుని ముక్కలు చేస్తుంది. అది కణం అంచుకే చేరదు. కణాలను 37 డిగ్రీల బదులు 27 డిగ్రీల దగ్గర పెంచితే కొంత ప్రొటీన్ గట్టెక్కుతుంది. వరుస మారలేదు, వేడి మాత్రమే తగ్గింది. ఏ ఒక్క నిశ్చల చిత్రం ఈ సంగతి చెబుతుంది?

పిప్పెట్:
ఆ జబ్బుకు 2019లో వచ్చిన మూడు మందుల మాత్రలో రెండు ఆ మడతను నిలబెట్టేవే కదా. ఆకారం గురించి ఆలోచించడం వల్లే కదా అక్కడికి చేరాం?

అణువణువు:
ఆ మార్గంలో తొలి మందులు దొరికింది వేల రసాయనాలను కణాల మీద ఒక్కొక్కటిగా పరీక్షించి. అవి ప్రొటీన్‌లో ఎక్కడ కూర్చుంటాయో కచ్చితంగా తెలిసింది ఆ తర్వాతే.

వెన్నెముక:
నేను శాస్త్రవేత్తను కాను. మా తమ్ముడికి సికిల్ సెల్ ఉంది. వోక్సెలోటర్ అనే మందు హీమోగ్లోబిన్ భంగిమనే పట్టి ఉంచుతుందని చదివి ఎంతో ఆశ పెట్టుకున్నాం. తర్వాత దాన్ని ఆపేశారు. ఆకారం తెలిసి చేసిన మందు కూడా ఎందుకు నిలవలేదు?

అణువణువు:
మీ తమ్ముడు ఇప్పుడు ఎలా ఉన్నారండీ? ఆ ఆశ వృథా అయిన బాధ నాకు అర్థమవుతోంది. ఆ మందు హీమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ పట్టుకున్న భంగిమలోనే ఆపి ఉంచుతుంది. ఆ భంగిమలో పోగులు కట్టవు, కాబట్టి ఆలోచన సరైనదే. రక్తపరీక్షలో హీమోగ్లోబిన్ పెరిగింది, 2019లో అమెరికాలో అనుమతి వచ్చింది. కానీ ఉన్నట్టుండి వచ్చే తీవ్రమైన నొప్పులు, మరణాల లెక్కలు కలవరపెట్టడంతో 2024 సెప్టెంబరులో కంపెనీయే వెనక్కి తీసుకుంది. పట్టుకున్న ఆక్సిజన్‌ను వదలడం కూడా హీమోగ్లోబిన్ పనే, ఒక భంగిమలో బిగిస్తే కణజాలానికి అందేదెంత అని కొందరు ముందునుంచే అడిగారు. హాని అందువల్లే జరిగిందని నేను అనను. ఆ అనుమానం మాత్రం తేలిగ్గా తీసేయదగ్గది కాదు.

రెండోచూపు:
తప్పుగా మడత పడి జబ్బును అంటించే ప్రొటీన్లు, ప్రయాన్ల మాట ఎవరూ ఎత్తలేదేం? అక్కడ వరుస ఒక్కటే, ఆకారాలు రెండు. ఒకటి మెదడులో మామూలుగా ఉండేది, రెండోది తన పక్కవాటిని తనలా మార్చుకుంటూ పోయి మనిషిని చంపేది. జబ్బును అంటించేది ప్రొటీనేనని 1982లో శాస్త్రవేత్త ప్రూసినర్ అన్నప్పుడు చాలామంది నమ్మలేదు, 1997లో నోబెల్ ఇచ్చారు. వరుసలోనే ఆకారం ఉందన్న సూత్రం పూర్తి కథ కాదని నాకు నమ్మకం కుదిరింది ఇక్కడే.

పిప్పెట్:
ప్రయాన్ దెబ్బ గట్టిదే, ఒప్పుకుంటాను. ఒక మాట మాత్రం వదలను. ఆల్ఫాఫోల్డ్‌కు పోల్చుకోవడానికి ఇచ్చే సారూప్య ప్రొటీన్ల వరుసలను గుంపులుగా విడగొట్టి ఇస్తే, కొన్ని ప్రొటీన్లకు రెండో భంగిమ కూడా వస్తోంది. అది నిజంగా కనిపెడుతోందా, శిక్షణలో చూసినదాన్ని అప్పజెబుతోందా అన్న వాదన నడుస్తోందని తెలుసు. అయినా ఆ తలుపు తెరుచుకుంది. "వరుస నుంచి ఒక ఆకారం" వరకు తీరిందనే అంటాను. "ఇక మందులే" అన్న మాటను మాత్రం నేనూ సమర్థించను.

అణువణువు:
అంతవరకు నాకూ సమ్మతమే. ఇప్పుడు ఆల్ఫా-సిన్యూక్లిన్ అనే ప్రొటీన్‌ను చూడండి. పార్కిన్సన్స్ రోగుల మెదడులో గడ్డకట్టేది ఇదే. 140 ఎమైనో ఆమ్లాలు, నీటిలో విడిగా ఉన్నప్పుడు స్థిరమైన ఆకారమే లేదు. కొవ్వు పొర తగిలితే మెలితిరిగిన సర్పిలం, గడ్డకడితే పలకల దొంతర. దీనికి మందు కట్టమంటే మీరు ఏ ఆకారాన్ని ముందు పెట్టుకుంటారు?

పిప్పెట్:
గడ్డ కట్టకముందు, రెండు మూడు అణువులు మొదటిసారి కలిసే క్షణాన్ని. దాన్ని ఇంకా ఎవరం సరిగ్గా చూడలేదు.