ఉక్కు స్లాగ్ కంకర ఎందుకు ఉబ్బుతోంది?

ప్రశ్న: ఉక్కు తయారుచేసే కొలిమిలో మిగిలే వ్యర్థమైన కన్వర్టర్ స్లాగ్‌ను చల్లార్చి, నలగ్గొట్టి, అయస్కాంతంతో ఇనుమును వేరుచేసిన తరువాత రహదారి పునాదిలో కంకరగా వాడితే, కొన్ని నెలలకే పైపొర ఉబ్బి పగిలింది. కారణమేమిటో తెలిసినవారు వివరించగలరు.

జవాబు 1: స్లాగ్‌లో కలవకుండా మిగిలిపోయిన సున్నమే, అంటే కాల్షియం ఆక్సైడే, దీనికి మూలం. అది తేమ తగిలి హైడ్రాక్సైడ్‌గా మారేటప్పుడు దాని ఘనపరిమాణం దాదాపు రెట్టింపవుతుంది. ఉబ్బిన చోట ఒక రాయిని పగలగొట్టి చూడండి, తెల్లటి పొడి మచ్చలు కనిపించవచ్చు. ఇకమీదట కుప్పలు పోసి, నీళ్లు చల్లుతూ నెలల తరబడి ఆరుబయట మాగనివ్వండి.

జవాబు 2: మెగ్నీషియం ఆక్సైడ్ కూడా ఎక్కువగా ఉంటే, అది మరీ నెమ్మదిగా తేమను గ్రహిస్తుంది కనుక, ఆ నెలలు చాలవు. ఆవిరి పట్టిస్తే రోజుల్లోనే పని పూర్తవుతుంది, ఖర్చు మాత్రం తక్కువేమీ కాదు.

అడిగినవారు: మచ్చలు కనిపించాయి. ఇకపై ఉబ్బుదల పరీక్ష చేయించాకే కంకర పంపుతాను.