పూనకంలో ఉన్న మనిషి ఎరుక ఎక్కడికి పోతుంది?

మహేంద్రతనయ తీరవాసి (పర్లాకిమిడి):
మా వీధి అమ్మవారి పండుగలో డప్పులు జోరందుకోగానే మా పెద్దమ్మకు పూనకం వచ్చింది. ఇంటా బయటా తెలుగే మాట్లాడే ఆవిడ, వేపమండ చేతబట్టి పావుగంట సేపు ఒడియాలో అందరినీ పేరుపేరునా మందలించారు. పసుపునీళ్లు చల్లాక కళ్లు తెరిచి, ‘నా గాజులెవరు పగలగొట్టారు?’ అని అడిగారు. ఆ పావుగంట ఆవిడ ఎరుక ఏమైనట్టు? ఇదంతా మెదడు చేసే పనేనని తేలితే అనుభవం అబద్ధమవుతుందా?

మనస్తత్వశాస్త్ర అధ్యాపకుడు (బరంపురం):
ఆవిడ ఒడియా మాట్లాడటంలో వింతేమీ లేదు. ఏళ్ల తరబడి సంతలో చెవిన పడిన భాష, నోటికి రాకపోయినా లోపల నిలిచే ఉంటుంది. ఇక మెదడు సంగతి. 2002లో నాడీశాస్త్రవేత్త ఓలాఫ్ బ్లాంకే బృందం మూర్ఛరోగి అయిన ఒక స్త్రీ మెదడులో కుడివైపు ఒకచోట స్వల్పంగా విద్యుత్తు ప్రసరింపజేసినప్పుడు, ఆమె తన శరీరాన్ని తానే పైనుంచి చూస్తున్నానని చెప్పింది. అయితే కణతలపై బలహీన అయస్కాంత క్షేత్రంతో దివ్యానుభూతి కలిగించవచ్చన్న వాదాన్ని స్వీడన్ పరిశోధకులు పరీక్షించి 2005లో ప్రకటించిన ఫలితం వేరుగా ఉంది: అయస్కాంతం పనిచేస్తోందో లేదో ఎవరికీ తెలియనివ్వకుండా చూస్తే, అనుభూతి కలగడం యంత్రాన్ని బట్టి కాక, సూచనలకు తేలికగా లోనయ్యే స్వభావాన్ని బట్టి ఉంది. కనుక పూనకానికి డప్పు ఎంత కారణమో, చుట్టూ చేతులు జోడించి ఎదురుచూసే జనమూ అంతే కారణం.

వేదాంత విద్యార్థి (రాయగడ):
పన్నెండు మంత్రాల మాండూక్యోపనిషత్తు జాగ్రత్ (మెలకువ), స్వప్న (కల), సుషుప్తి (గాఢనిద్ర) అనే మూడు స్థితులను చెప్పి, నాలుగోదైన తురీయాన్ని వేరుగా నిలుపుతుంది. ‘సుఖంగా నిద్రపోయాను, ఏమీ ఎరగను’ అని లేచి చెప్పగలుగుతున్నాం గనుక గాఢనిద్రలోనూ సాక్షి, అంటే చూస్తుండే ఎరుక, ఉన్నాడంటారు అద్వైతులు. మీ పెద్దమ్మగారికి ఆ సుఖం కూడా గుర్తులేదంటే, ఒప్పుకోవాలి, ఈ వాదం ఇక్కడ కుంటుపడుతుంది. కానీ అనుభవం లేకపోవడం వేరు, జ్ఞాపకం నిలవకపోవడం వేరు.

గుణుపురం నివాసి:
మా చుట్టుపక్కల సవర పల్లెల్లో పూనకం మరో తీరుగా ఉంటుంది. అక్కడ పూనిన స్త్రీ నోట చనిపోయినవారు ఒకరి తర్వాత ఒకరు మాట్లాడతారు. బతికున్నవారు వారితో వాదిస్తారు, ఏడుస్తారు, బతిమాలతారు. శరీరాలు ఒకే తీరువైనా, మన వీధిలో అమ్మవారు పలికితే అక్కడ తాతలు పలుకుతున్నారు. దీన్ని మెదడు ఒక్కటే ఎలా వివరిస్తుంది?

మహేంద్రతనయ తీరవాసి:
నిన్న పెద్దమ్మను మళ్లీ అడిగాను. డప్పు మొదటి దెబ్బలూ, అరికాళ్ల నుంచి ఏదో పైకి పాకినట్టుండటమూ గుర్తున్నాయన్నారు. ఆ తర్వాత గుర్తున్నవి పగిలిన గాజులేనట.