రంగశంకరలో హరిశ్చంద్ర: జాషువా పద్యాలు తీసేశారట, వెళ్దామా వద్దా?

మాధవి_మారతహళ్లి
వచ్చే ఆదివారం మధ్యాహ్నం 3:30కి జేపీ నగర్ రంగశంకరలో బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి సత్య హరిశ్చంద్రీయం వేస్తున్నారు. చాలా ఏళ్లకి మళ్లీ అసలు ప్రతి ప్రకారం, అదీ రెండు గంటల్లో. బెంగళూరులో పద్యనాటకం దొరకడమే గగనం కాబట్టి అందరం కలిసి వెళ్దాం, టికెట్లు నేను తీస్తాను. అక్కడ ఆట మొదలయ్యాక ఎంత బతిమాలినా లోపలికి రానివ్వరు. వైట్‌ఫీల్డ్ వాళ్లు కారు మానేసి మెట్రో ఎక్కండి. మెజెస్టిక్‌లో గ్రీన్ లైన్‌కి మారి జేపీ నగర్‌లో దిగితే అక్కణ్ణుంచి ఆటో. ఎవరెవరు వస్తున్నారు?

తెనాలి_శ్రీను
ప్రకటనలో చివరి లైను చదివారా అక్కా? తర్వాతి కాలంలో చేరిన పద్యాలు ఉండవని వేశారు. అంటే జాషువా గారి శ్మశానవాటి పద్యాలు తీసేసినట్టే. "ఇచ్చోటనే సత్కవీంద్రుని కమ్మని కలము" లేకుండా కాటి సీను ఏంటి? మా వైపు జనం నిద్ర ఆపుకుని తెల్లవార్లూ కూర్చునేది దానికోసమే.

పద్యప్రియ
ఆ పద్యాలు గొప్పవే, కాదన్నదెవరు? కానీ అవి జాషువా గారు విడిగా రాసిన ఖండిక. నాటకం కోసం రాసినవి కావు. నటులు తెచ్చి పాడారు, జనానికి నచ్చాయి, ఉండిపోయాయి. బలిజేపల్లి గారు రాసింది రాసినట్టుగా ఒక్కసారి చూడాలని నాకుంది. ఇప్పుడు హరిశ్చంద్ర అంటే కాటి సీనే అయిపోయింది. విశ్వామిత్రుడి శిష్యుడు నక్షత్రకుడు అప్పు కోసం వెంటపడి రాజును కాల్చుకు తినే ఘట్టం ఎవరికైనా పూర్తిగా గుర్తుందా? పేరున్న నటుల్ని డబ్బిచ్చి పిలిపించే కాంట్రాక్టు నాటకాల్లో సీనుకొక హరిశ్చంద్రుడు, పద్యానికి బారెడు రాగం, వన్స్‌మోర్ అనగానే మళ్లీ మొదట్నుంచి. దాన్ని నాటకం అనాలా, కచేరీ అనాలా?

బీటీఎం_కిరణ్
ఐదు నిమిషాలు ఆలస్యమైనా రానివ్వరా? ట్రాఫిక్ దాటుకుని రావాలి నేను.

మాధవి_మారతహళ్లి
రానివ్వరు కిరణ్. గంట ముందే బయల్దేరండి.

తెనాలి_శ్రీను
రాగం తీస్తే తప్పా మేడం? హరిశ్చంద్ర వేషానికి పేరుపడ్డ డి.వి. సుబ్బారావు గారి పద్యం రికార్డులో విని మా ఊళ్లో చదువురాని వాళ్లు కూడా అప్పజెప్పేవాళ్లు. మా నాన్న కాటి సీను హరిశ్చంద్రుడు. నల్ల గొంగడి భుజాన వేసుకుని, ముఖానికి మసి పూసుకుని, కర్ర మీద గడ్డం ఆనించి కాసేపు ఊరికే నిలబడేవాడు. హార్మోనియం శ్రుతి అందుకున్నా వెంటనే ఎత్తుకునేవాడు కాదు. పసిపిల్లల ఏడుపు కూడా ఆగాక, అప్పుడు "ఎన్నో యేండ్లు గతించిపోయినవి" అని మొదలుపెట్టేవాడు. అది నాటకం కాదంటే నాకు చాలా కష్టంగా ఉంది.

హార్మోనియం_రాజు
మైకుల్లేని రోజుల్లో చివరి వరసకి వినపడాలంటే గొంతు అలా చాచాల్సిందే. అది అలవాటై నిలిచిపోయింది.

పద్యప్రియ
ప్రతిదానికీ నాన్నగారిని తెస్తే ఇక మాట్లాడేదేముంది? సరే, నా సంగతి కూడా వినండి. ఒక పరిషత్తు పోటీలో నేను చంద్రమతి వేశాను. పాము కరిచి పోయిన లోహితాస్యుణ్ణి చేతుల్లో పెట్టుకుని తెర పక్కన నిలబడ్డాను. బయట హరిశ్చంద్రుడు వేసినాయనకి వన్స్‌మోర్ మీద వన్స్‌మోర్. పిల్లాడు బరువుకి జారిపోతున్నాడు, నా చేతులు వణుకుతున్నాయి. తీరా నా వంతు వచ్చేసరికి టైమ్ అయిపోయిందని నా పద్యాలు కోసేశారు. కొడుకు పోయిన తల్లికి ఏడవడానికి కూడా టైమ్ లేదు. అందుకే నాకు అసలు ప్రతి కావాలి.

బీటీఎం_కిరణ్
అయ్యో. ఈ సంగతి మొదటే చెప్పి ఉంటే ఇంత గొడవ ఉండేది కాదు.

తెనాలి_శ్రీను
మీకు జరిగింది అన్యాయమే మేడం. కానీ మీ పద్యాలు కోసింది జాషువా గారు కాదు. ఆయన పద్యాల్లో ఒకటుంది, అస్పృశ్యతకి ఇక్కడ చోటు లేదు, పెద్దపులినీ మేకనీ పక్కపక్కన చేర్చి జోకొట్టే నేల ఇది అని. మా నాన్న ఆ పద్యం పాడేటప్పుడు ముందు ఊరి పెద్దలు కుర్చీల్లో, మా పేట వాళ్లు పందిరి బయట. మా అమ్మ కూడా అక్కడే. మామూలు రోజున ఆ కుర్చీల ముందు నోరెత్తలేని మనిషి వేషం కట్టుకున్నాడు కాబట్టి ఆ మాట వాళ్ల మొహాన పాడగలిగాడు. ఇప్పుడెవరో వచ్చి అది అసలు నాటకంలోది కాదు, తర్వాత చేరింది అంటే నన్ను మళ్లీ పందిరి బయట కూర్చోమన్నట్టే ఉంటుంది. నాకు రాగం గొడవ కాదు, టైమ్ గొడవా కాదు.

హార్మోనియం_రాజు
శ్రీనన్నా, ఈ మాట నిర్వాహకులకి చేరాలి.

పద్యప్రియ
శ్రీనుగారూ, మీరు చెప్పింది రెండుసార్లు చదివాను. అయినా నేను ఆదివారం వెళ్తాను. చంద్రమతి తన పద్యాలన్నీ పాడుకోవడం చూడాలి నాకు. వన్స్‌మోర్లు ఆపి, జాషువా గారి పద్యాలు ఉంచుకుంటే వాళ్ల రెండు గంటలకి ఏం లోటొస్తుందో మాత్రం నేనూ అడుగుతాను.

తెనాలి_శ్రీను
నాకు టికెట్ వద్దక్కా. నిర్వాహకులకి ఉత్తరం రాస్తున్నాను. పద్యాలు ఎందుకు తీశారో ఆట మొదలయ్యే ముందు జాషువా గారి పేరు పెట్టి చెప్పమని.

పద్యప్రియ
కింద నా పేరు కూడా వెయ్యండి.

మాధవి_మారతహళ్లి
నాదీ వెయ్యి శ్రీనూ. నీకూ ఒక టికెట్ తీసి ఉంచుతాను, వాళ్లేమని జవాబిస్తారో చూసి శనివారం చెప్పు. మిగతావాళ్లు 3 గంటలకల్లా గేటు దగ్గర ఉండండి.