క్యూసెక్కు, టీఎంసీలకు సీ++ టైపులు: వేగం కోసం లైబ్రరీని పెంచాలా, కంపైలర్‌కే చెప్పాలా?

నల్గొండ నుంచి అడుగుతున్న. సాగర్ ఎడమ కాల్వ నీటి లెక్కలకు సీ++ టెంప్లేట్లతో క్యూసెక్కు (ప్రవాహ వేగం), టీఎంసీ (నీటి పరిమాణం) వేర్వేరు టైపులుగా రాసినం. రోజంతా 11,574 క్యూసెక్కులు పారితే దాదాపు ఒక టీఎంసీ. ఆ మార్పిడి లేకుండా రెండింటినీ కూడితే కంపైలర్ అక్కడే ఆపుతది. ఈ భద్రత వదులుకోవడం ఇష్టం లేదు.

చిక్కంతా మొత్తం కూడే లూపు దగ్గర. జీసీసీ కంపైలర్‌లో వేగం పెంచే ఓ3 ఆప్షన్ పెట్టినా వెక్టరైజ్ (ఒక్క ఆదేశంతో చాలా సంఖ్యలను కలిపి లెక్కించడం) కావట్లేదు. ఒట్టి డబుల్ అర్రేతోనూ అంతే, అంటే తప్పు టెంప్లేటుది కాదు. దశాంశ కూడికల వరుస మారితే జవాబు మారుతది కాబట్టి కంపైలర్ ముట్టుకోదు. ఫాస్ట్-మ్యాథ్ ఆప్షన్ ఇస్తే అవుతది గానీ, ఎన్‌ఏఎన్‌లు (సంఖ్య కాని విలువలు) ఉండవనుకొని వాటిని పట్టే ఈజ్‌నాన్ పరీక్షనే తీసేస్తది. సెన్సార్ రీడింగ్ రాని గంటలన్నీ మాకు ఎన్‌ఏఎన్‌లే!

కూడికల వరుస మార్చనిచ్చే అసోసియేటివ్-మ్యాథ్, దానికి తోడు కావాల్సిన నో-సైన్డ్-జీరోస్, నో-ట్రాపింగ్-మ్యాథ్ ఆప్షన్లు మూడే ఆ ఒక్క ఫైలుకు ఇస్తే సరిపోతదా? లేక టైపు లోపలే నాలుగు మొత్తాలు పెట్టి లూపు మేమే విప్పాలా? అట్లయితే కంపైలర్ పని లైబ్రరీ నెత్తిన పడుతది, ప్రాసెసర్‌లో ఏవీఎక్స్2 ఆదేశాల నుంచి ఇంకా వెడల్పైన ఏవీఎక్స్-512కు పోతే మళ్లీ రాయాలె. రెండూ నడిపినవాళ్లు, వెక్టరైజ్ కాకపోతే కారణం చెప్పే ఆప్ట్-ఇన్ఫో-వెక్-మిస్డ్ ఆప్షన్ ఏం చూపిందో కూడా రాయండి.